పదిహేను డిగ్రీల జోగిపేట
పెట్రోల్ బంకు స్టాకుకు సాక్షులు ముగ్గురు: ట్యాంకులో దించే డిప్ రాడ్, పంపు మీటర్, కంప్యూటర్‌కు కబురు పంపే సెన్సర్. ముగ్గురి మాటా కలవాలి. ఎండ కలవనివ్వదు. పది డిగ్రీల వేడి పెరిగితే 12,000 లీటర్ల పెట్రోల్ నూరు లీటర్లకు పైగా ఉబ్బుతుంది. అందుకే సాంద్రతను 15 డిగ్రీలకు సవరించి రిజిస్టరులో రాస్తారు. ఇన్‌వాయిస్ అంకెకూ దానికీ తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటితే ట్యాంకరు సరుకు దించుకోకూడదు. సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా అకోలా పోయే 161వ జాతీయ రహదారిపై మే నెలలో 15 డిగ్రీలు దొరికేది ఆ రిజిస్టరులోనే. అందులో నెలంతా ఒకే అంకె, ఒకే సిరా కనిపిస్తే మెచ్చుకోవాల్సింది డేటాను కాదు, దస్తూరీని. పంపు సరిగ్గా పోస్తోందో చూసే 5 లీటర్ల కొలత క్యాన్‌కు 25 మిల్లీలీటర్ల వరకు తేడా మన్నింపు. పోసి చూపమని అడిగే హక్కు వాహనదారుడిది, క్యాన్ ఉన్న గది తాళం మాత్రం మేనేజరుది.