నా గొంతులో దూరిన ఇంజను

నేను పన్నెండు వోల్టుల ఆంప్లిఫయరును. నా శక్తి నలభై వాట్లు. పక్కన పెన్‌డ్రైవ్‌కు ఒక సందు, ఫోను పిన్నుకు ఒక సందు. నాకు తోడు ఒక గొట్టం స్పీకరు. దాన్ని మా పక్కల అందరూ మైకు అనే అంటారు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో మమ్మల్నిద్దర్నీ కొని మదనపల్లెకు తెచ్చినాయన బొరుగులమ్మేవాడు.

నా పని ఒకటే. మూడో వీధిలో, వంటింట్లో ఉన్న ఆమెకు మాట తెలియాలి. బండి వాకిట్లోకి వచ్చే లోపల ఆమె చిల్లర, గిన్నె పట్టుకుని బయటికి రావాలి. మాట తెలిసేసరికి బండి దాటిపోయిందా, ఆ బేరం పోయినట్టే. అందుకే నా గొంతు బాగుండడం అనేది సోకు కాదు, ఒక ఇంటి కూడు.

బొరుగులాయన వంద సీసీ బండికి నన్ను కట్టిన మనిషి తొందరలో ఉన్నాడు. హెడ్‌లైటుకు పోయే వైరు మీద టేపు ఒలిచి నా ఎర్ర వైరు చుట్టాడు. నల్ల వైరును ఫ్రేములో చేతికందిన బోల్టుకు బిగించాడు. ఆ బోల్టు చుట్టూ పెయింటు, దాని కింద తుప్పు. ఇంజను ఆపి ఉన్నంతసేపూ నేను నిక్షేపంగా పలికేదాన్ని. కిక్కు కొట్టగానే నా గొంతులోకి గీ... అని ఒక కూత దూరేది. ఎక్సలేటరు తిప్పేకొద్దీ అది సన్నగా పైపైకి పోయేది. దాని మీద టిక్కు టిక్కుమని ఇంకో చప్పుడు. ఆ కూతతోనే నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాలున్న వీధులన్నీ తిరిగాను.

ఆయన చేయగలిగింది ఆయన చేశాడు, నా సౌండు పెంచాడు. దాంతో మాట పెరిగింది, కూతా అంతే పెరిగింది. మనిషి మాటలో అచ్చులకు బలం ఎక్కువ, ఎంత రొదలోనైనా బతుకుతాయి. క, చ, ట, ప లాంటి హల్లులు నీరసమైనవి. వాటి ఆనవాళ్లు ఎక్కువగా రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్‌ల మధ్య ఉంటాయి. గొట్టం స్పీకరు గట్టిగా పలికేదీ అక్కడే, ఇంజను కూత వచ్చి కూర్చునేదీ అక్కడే. బండి వస్తోందని వీధికంతా తెలిసేది, ఏం అమ్ముతున్నదో మాత్రం తెలిసేది కాదు.

ఇంకా సౌండు పెంచితే గొంతు పగిలేది. నిండుగా పలికేటప్పుడు నేను ఐదు ఆంపియర్ల దాకా లాగుతాను. నాకు వేసింది అర చదరపు మిల్లీమీటరు సన్న వైరు. పోనూ రానూ నాలుగు మీటర్లయితే దారిలోనే ముప్పావు వోల్టు దాకా అరిగిపోతుంది. పైగా 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త రెండు చక్రాల బండ్లకు హెడ్‌లైటు పగలూ వెలగాల్సిందే. చిన్న బండి పుట్టించే కరెంటులో దాని వాటా దానికి పోయాకే నాకు. చాలినంత వోల్టేజీ అందక మాట కొసలు తెగిపోయేవి. వినేవాళ్లు అది మైకు ఖర్మ అనుకునేవాళ్లు.

బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ముందు మాత్రం ఆయన నన్ను ఆపేసేవాడు. 1919లో ఠాగూరు జనగణమనను ఇంగ్లీషులో రాసిన చోటు అది. ఆ గౌరవం సరే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు కూడా బడికి, ఆస్పత్రికి, కోర్టుకు వంద మీటర్ల లోపల నిశ్శబ్దం పాటించమంటాయి. ఆయన ఆ కట్టుబాటు ఎన్నడూ తప్పలేదు.

మోకాళ్లు నొప్పులని ఆయన తిరుగుడు మానుకున్నాక, నన్ను పుంగనూరులో కుక్కర్లు, మిక్సీలు రిపేరీ చేసే కుర్రాడు కొన్నాడు. అతను పాట, మాట రెండూ ఫోను నుంచే పెట్టేవాడు. ఆ ఫోను చార్జరునూ బండి బ్యాటరీకే తగిలించాడు. అప్పట్నుంచీ కూత ఇంకా ముదిరింది. నన్ను పాత సామాన్లకు వేసేద్దామనుకుని, చివరిసారిగా బండ్ల వైరింగు చేసే ఒక పెద్దాయనకు చూపించాడు.

"ఏం నా, ఆంప్లిఫయరు పోయినట్టేనా?"

"పోయేదానికేముంది అబ్బోడా. ముందు ఇంజను ఆపు."

ఇంజను ఆగింది, కూతా ఆగింది. "దీంట్లో ఏ రోగమూ ల్యా. బండి నుంచి వస్తా ఉంది," అన్నాడాయన. నా గురించి ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే.

మళ్లీ స్టార్టు చేయించి, ఫోను నుంచి నాలోకి వచ్చే పిన్ను పీకాడు. కూత పోయింది, టిక్కు టిక్కు మిగిలింది. పిన్ను తిరిగి గుచ్చి ఈసారి ఫోనుకున్న చార్జరు పీకాడు. పాట వస్తోంది, కూత లేదు. "చూస్తివా? ఎర్తు రెండు దార్లు పట్టింది," అన్నాడు.

జరిగేది ఇది. చార్జరు నల్ల వైరు బ్యాటరీకి పోతుంది. నా నల్ల వైరు ఈ బండిలోనూ ఒక తుప్పు బోల్టు మీదుగానే పోతుంది. ఈ రెంటినీ ఫోను వైరు చుట్టూ ఉండే సన్నని రాగి అల్లిక కలిపింది. కరెంటుకు తుప్పు కన్నా రాగి సులువు కదా, కొంత ఆ అల్లిక లోంచే పారింది. బండి మాగ్నెటో నుంచి రెక్టిఫయరు దాటి వచ్చే కరెంటు నున్నగా ఉండదు, ఇంజను వేగంతో అలలు అలలుగా వస్తుంది. ఆ అల పాట మీదెక్కి నాలోకి వచ్చింది. ఏది పాట, ఏది అల అని విడదీసే తెలివి నాకు లేదు. వచ్చిందాన్నల్లా పెంచి బయటికి పంపాను.

పెద్దాయన బోల్టు గీకి ఊరుకోలేదు. రెండున్నర చదరపు మిల్లీమీటరు వైర్లు ఎర్రదీ నల్లదీ కలిపి పురి పెట్టి, నేరుగా బ్యాటరీ దగ్గర్నుంచి లాగాడు. బ్యాటరీ పక్కనే ఏడున్నర ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. చార్జరు నల్ల వైరూ, నా నల్ల వైరూ ఒకే చోట చేర్చాడు. ఫోనుకూ నాకూ మధ్య ఐసోలేటరు అనే చిన్న డబ్బీ పెట్టాడు. దాంట్లో బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాట అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, రాగికి రాగి తగలదు. చవక ఐసోలేటరులో బేసు తగ్గుతుందని కుర్రాడు వెనకాడితే, "ఈ గొట్టంలో బేసు యాడుంది, పోయేదానికి?" అన్నాడు. నిజమే, మూడొందల హెర్ట్జ్‌ల కింద మా గొట్టం దాదాపు పలకదు. కరెంటులో అలల్ని అణచడానికి నా వాకిట్లో ఒక చోకు, దాని వెనక 2200 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టాడు. పదహారు వోల్టులది ఇవ్వబోతే వద్దని, ఇరవై ఐదు వోల్టులదే కావాలన్నాడు. చార్జింగు వోల్టేజీ పద్నాలుగు దాటుతుంది కాబట్టి పదహారు మరీ అంచున ఉంటుంది.

టిక్కు టిక్కు స్పార్క్ ప్లగ్గుది. అక్కడ వేల వోల్టులు మెరిసిన ప్రతిసారీ చిన్న రేడియో స్టేషను పేలినట్టే. ఆ తంటా మాతో మొదలవలేదు. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చినప్పుడూ ప్లగ్గుల చప్పుడే వాళ్లను ఏడిపించింది. పెద్దాయన నంబరులో ఆర్ అక్షరం ఉన్న రెసిస్టరు ప్లగ్గు వేసి, నా వైర్లను ఇగ్నిషన్ కాయిలుకు దూరంగా సీటు అవతలి పక్కనుంచి తిప్పాడు. ఆ సాయంత్రం గోకుల్ సర్కిల్ దాటి నేను పలికిన మాట నాకే కొత్తగా ఉంది. సౌండు సగానికి తగ్గించినా, ఇళ్లలోంచి కుక్కర్లు బయటికొచ్చాయి.

ఇప్పుడు నేను కుప్పంలో ఉన్నాను, ప్లాస్టిక్ బిందెలమ్మే మొగుడూ పెళ్లాల దగ్గర. మూడు రాష్ట్రాల సరిహద్దు కాబట్టి తెలుగులో ఒక రికార్డింగు, తమిళంలో ఒకటి. మొదటిది బస్టాండు దగ్గర ఫోను నోటికి ఆనించి చేశారు. గాలి, హారన్లు, పగిలిన మాట అన్నీ దాంట్లోనే పడ్డాయి. అలాంటిదాన్ని ఏ చోకూ బాగుచేయలేదు. ఆమె తలుపులేసి, గోడలకు దుప్పట్లు వేలాడేసి, ఫోను జానెడు దూరంలో పెట్టి మళ్లీ చెప్పింది. ఇప్పుడు వీధులు వినేది ఆమె గొంతునే.

గరగర ఒకటి మిగిలితే మైకు యూనిట్టు విప్పారు. అయస్కాంతం సందులో ఇనప రజను. టేపు ముక్క మడిచి సందులో తిప్పి రజను తీసేశారు, డయాఫ్రం కొత్తది వేశారు. బిందెలాయన 2జీ ఫోను నా పక్కన ఉంటే కాల్ వచ్చే ముందు డుగుడుగుమని కొట్టేది. అది సెకనుకు 217 సార్లు రేడియో తరంగం పంపి ఆపుతుంది, నేను దాన్ని పట్టుకుంటాను. ఫోను చొక్కా జేబులోకి మారింది, అంతే.

వాళ్లు ఎలక్ట్రిక్ బండి చూస్తున్నారు. ప్లగ్గు ఉండదు, మాగ్నెటో ఉండదు. అయితే మోటారు కంట్రోలరు, పెద్ద బ్యాటరీని పన్నెండు వోల్టులకు దించే కన్వర్టరు రెండూ కరెంటును సెకనుకు వేలసార్లు కోసి కోసి పంపుతాయి. కొత్త కూత అక్కడ కాచుకుని ఉంటుంది. నన్ను ఆ కన్వర్టరుకు తగిలించకుండా, ఏడు ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ ఒకటి విడిగా పెట్టుకుని రాత్రి ఇంట్లో చార్జింగు పెట్టుకోమని మెకానిక్ చెప్పాడు. బ్యాటరీ ధర అడగడానికి బిందెలాయన రేపు బజారుకు పోతాడు.