పెంగ్విన్ మావయ్య

మా ఆవిడ తమ్ముణ్ణి మా ఇంట్లో పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకి వాడు పెంగ్విన్ మావయ్య. కూకట్‌పల్లిలో ఉద్యోగం, ల్యాప్‌టాప్ మూత మీద లైనక్సు పెంగ్విన్ బొమ్మ, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "ఐదు నిమిషాలు బావా!" ఇలాంటివాడు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. పండక్కి వచ్చి, చేతిలో సంచీ దించకుండానే "మీ పాత కంప్యూటర్ ఏది?" అని అడిగాడంటే వాడే.

మొన్న సంక్రాంతికి వచ్చాడు. దుకాణంవాడు తూకానికి వేసెయ్యమన్న మా ల్యాప్‌టాప్‌లో విండోస్ పీకేసి లైనక్సు ఎక్కించాడు. చచ్చిందనుకున్నది లేచి కూర్చుంది. అక్కడితో ఆగి అరిసెలు తినుంటే గొడవే లేదు. మా బుడ్డోడు ఊరుకోక, "మావయ్యా, ఇందులో కార్లాట వస్తుందా?" అన్నాడు.

"రాకపోవడమేంట్రా!" అని చొక్కా చేతులు మడిచాడు.

చులాగ్గా వచ్చే ఆటల్ని వాడు ముట్టడు. విండోస్ కోసం చేసిన ఆటనే పట్టుకొచ్చి లైనక్సులో ఆడించాలి. అందుకు ముందుగా ప్రోటాన్‌డీబీ తెరుస్తాడు. ఏ ఆట లైనక్సులో ఎలా నడుస్తోందో ఆడినవాళ్ళు రాసిపెట్టే పంచాంగం అది. 'ప్లాటినం' అంటే శుభలగ్నం, 'గోల్డ్' అంటే ఫరవాలేదు, 'బోర్క్‌డ్' అంటే రాహుకాలం. మావాడు కోరి రాహుకాలంలో ముహూర్తం పెట్టే రకం.

కాసేపటికి ఎవరితోనో ఫోన్లో, "పాత వైన్ పనిచెయ్యట్లేదురా, కొత్తది ఎక్కించాలి" అంటున్నాడు. వంటింట్లో మా అత్తగారి చేతిలో గరిట జారింది.

"పండగపూట అదేం పోయేకాలంరా!"

"తాగేది కాదమ్మా. విండోస్ ఆట చెప్పేది లైనక్సుకి అర్థమయ్యేలా చేసే దుబాసీ. 1993 నుంచీ ఉంది."

"అప్పటికి నీకు పాలపళ్ళు కూడా ఊడలేదు కదరా!"

"పోనీ వదిలెయ్. 2018లో వాల్వ్ కంపెనీ ఇచ్చిన ప్రోటాన్ ఉందిగా."

"ప్రోటీనా? అది మంచిదే. డాక్టరుగారు నన్నూ తాగమన్నాడు."

"దాని లోపల ఉన్నదీ వైనేనమ్మా."

ఆవిడ అలమరలోని పొడి డబ్బా వైపు అనుమానంగా చూసింది.

సాయంత్రానికి తెర నల్లబడింది. మూల ఒక తెల్లగీత మిణుకుమిణుకుమంటోంది. మా ఆవిడ కంగారుపడింది.

"భయపడకక్కా, ఇది మంచి ఎర్రర్."

కొలెస్ట్రాల్‌లాగే ఎర్రర్లలోనూ మంచివీ చెడ్డవీ ఉంటాయని ఆరోజే తెలిసింది. డ్రైవర్ మార్చాడు. 'సుడో' అని కొట్టి మంత్రాలు చదివాడు. మధ్యలో నాకు పాఠం: "2022లో వచ్చిన స్టీమ్ డెక్ చూశావా బావా? చేత్తో పట్టుకుని ఆడే ఆ గేమ్ పెట్టె లోపల ఉన్నది లైనక్సే!" మేనల్లుడు కలెక్టరైనంత గర్వం. రాత్రి ఒంటిగంటకి కారు కదిలింది. "చూశావా!" అని కేక పెట్టి, రెండో మలుపు రాకముందే ఆట మూసేసి, ఇంకో ఆట వెతకడం మొదలెట్టాడు. ఆడాల్సినవాడు అప్పటికే నిద్రపోయాడు.

మర్నాడు మావయ్య తలంట్లో ఉండగా మా బుడ్డోడు లైనక్సులోనే ఉన్న సాఫ్ట్‌వేర్ అంగడి తెరిచి ఒక బొమ్మ మీద నొక్కాడు. సూపర్‌టక్స్‌కార్ట్! పెంగ్విన్ స్వయంగా బండి తోలే కార్లాట, పైసా ఖర్చులేదు. తెర రెండుగా చీలిస్తే అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆడొచ్చు. దాని తర్వాత 'జీరో ఏడీ' దొరికింది. 2010 నుంచి ఏళ్ళ తరబడి 'ఆల్ఫా' అనే పేరుతోనే వచ్చిన యుద్ధపుటాట అది. సగం కట్టిన ఫ్లైఓవర్ మీద బళ్ళు తిరిగినట్టు జనం ఆడేస్తూనే ఉన్నారు. అందులో మౌర్యుల ఏనుగుల దండు చూసి బుడ్డోడు గంతులేశాడు.

తల తుడుచుకుంటూ వచ్చిన మావయ్య మొహం చిన్నబోయింది. "ఏమీ చెయ్యకుండానే వచ్చేసిందా?"

అయినా న్యాయం మాట్లాడాలి. తూకానికి పోవాల్సిన ల్యాప్‌టాప్ ఈరోజుకీ నడుస్తోంది, పిల్లలు దాని మీదే ఆడుతున్నారు. అందుకే దసరాకీ వాణ్ణి పిలిచాం. కాకపోతే వెళ్తూ వెళ్తూ గుమ్మంలో, "మీ టీవీలో ఉన్నదీ లైనక్సే కదా బావా?" అన్నాడు.

రిమోట్ ఆవేళే బీరువాలో పెట్టి తాళం వేశాను.