నెపం ఒరాంగుటాన్ మీద

చదరంగంలో తొలి ఎత్తుకు 20 దారులున్నాయి. ఎనిమిది బంట్లకు తలా రెండు, రెండు గుర్రాలకూ తలా రెండు. పెద్ద ఆటగాళ్లు వాటిలో నాలుగైదు దారులనే అరగదొక్కి, సిసీలియన్ అనీ రూయ్ లోపెజ్ అనీ పేర్లు పెట్టి, పదిహేను ఇరవై ఎత్తుల దాకా బట్టీ పట్టమంటారు. పదమూడో ఎక్కం దగ్గరే చేతులెత్తేసిన వాణ్ణి, నా వల్ల అయ్యే పనేనా? అందుకే జనం తొక్కని దారులు పట్టాను.

నాకు ప్రాణమైనది ఒరాంగుటాన్ ఓపెనింగ్. మంత్రి వైపు గుర్రం ముందున్న బంటును రెండు గళ్లు తోసేయడమే. 1924లో న్యూయార్క్ టోర్నమెంటుకు వచ్చిన టార్టకోవర్ అక్కడి జూలో సుసాన్ అనే ఒరాంగుటాన్‌ను చూసి ముచ్చటపడి, మారోజీ మీద ఈ ఎత్తు వేశాడు. వేసి, ఓడిపోయాడు. నేను ఈ కథ ఎవరికి చెప్పినా జూ దగ్గరే ఆపేస్తాను.

మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు కుర్రాడు చెస్ కోచింగ్‌కు వెళ్తాడు. వాడి మీద ఒరాంగుటాన్‌ను వదిలాను. వాడు బంటును చూశాడు, నన్ను చూశాడు, జంతిక నమలడం ఆపాడు.

"చెయ్యి తగిలిందా అంకుల్? పర్లేదు, వెనక్కి తీస్కోండి."

కావాలనే వేశానంటే ఇంకా జాలిపడ్డాడు. తన రాజు ముందరి బంటును రెండు గళ్లు జరిపాడు. దాంతో వాడి శకటుకు దారి తెరుచుకుని, చూపు తిన్నగా నా బంటు మీద పడింది. వింత ఎత్తు వేస్తే ఎదుటివాడి పుస్తక జ్ఞానం చెల్లదంటారు. నిజమే. పుస్తకం పక్కన పెట్టేశాక వాడికి బుర్ర మిగిలింది, నాకు ఒరాంగుటాన్ మిగిలింది.

అలాగని వింత ఎత్తులకు మంచిరోజులు లేకపోలేదు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్ మీద టోనీ మైల్స్ నల్లపావులతో మొదట ఏనుగు ముందరి బంటును ఒక్క గడి జరిపి, తర్వాత దాని పక్క బంటును రెండు గళ్లు తోసి, చివరికి గెలిచాడు. 2021లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్, నకమురా ఇద్దరూ ఓ ఆన్‌లైన్ ఆటలో రెండో ఎత్తుకే రాజులను బయటికి నడిపించి, చివరికి డ్రా చేసుకున్నారు. ప్రపంచ ఛాంపియన్ రాజును షికారుకు పంపితే చమత్కారం, నేను పంపితే చాదస్తం.

అయినా మానను. వింత ఓపెనింగ్‌లో ఉన్న సుఖం వేరు. గెలిస్తే ప్రతిభ నాది, ఓడితే తప్పు ఓపెనింగ్‌ది. ఈ సూత్రాన్ని ఆ కుర్రాడికీ ఉపదేశించాను, మైల్స్ కథతో సహా.

మొన్న నేను ఎందుకో బుద్ధిగా రాజు బంటుతో మొదలుపెట్టాను. వాడు ఏనుగు ముందరి బంటును ఒక్క గడి జరిపి, "ఓడితే మీ పేరు చెప్తా అంకుల్" అన్నాడు. చెప్పాల్సిన అవసరం వాడికి రాలేదు. పద్ధతిగా ఆడి ఓడిన నాకు మాత్రం, నెపం వేద్దామంటే చుట్టుపక్కల ఒక్క వానరమూ కనబడలేదు.