బంపర్‌కు పెళ్లికళ

ఈ పెళ్లిళ్ల సీజన్‌లో కొత్త పిచ్చి ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మిడుతూరు నుంచి నంద్యాల దాకా ఏ పెయింటింగ్ షెడ్డు ముందు చూసినా టీఆర్ నంబరు కూడా మారని కొత్త కారు, ఒంటి నిండా పాత పేపర్లు, మాస్కింగ్ టేపు అంటించుకుని నిలబడి ఉంటోంది. ఎక్కడన్నా గుద్దుకుందా? లేదు. గీతలు పడ్డాయా? లేదు. పాపం, నల్లగా ఉంది. బంపర్లకు, చక్రాల పైన, తలుపుల కింద, అద్దాలకు, హ్యాండిళ్లకు కంపెనీ వాడు పెట్టిన గరుకు ప్లాస్టిక్ నల్లగా ఉంది. దాన్ని అర్జెంటుగా బాడీ కలర్‌లోకి మార్చకపోతే ఇంటి పరువు పోతుంది.

ఎందుకు పోతుందంటే, అది బేస్ మోడల్ అని తెలిసిపోతుంది. మామగారు పెట్టిన బండి అన్నింటికన్నా చవక రకమని ఆ నల్ల హ్యాండిల్ ఊరంతా చాటింపు వేస్తుందట. కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. బండి తీసుకున్నందుకు అల్లుడికి సిగ్గు లేదు, హ్యాండిల్ నల్లగా ఉన్నందుకు మాత్రం తల ఎత్తుకోలేకపోతున్నాడు.

ఇందులో తమాషా చూడండి. బేస్ మోడల్‌కు బంపర్ నల్లగా వస్తే దరిద్రం. అదే నలుపు, అదే గరుకు, టాటా పంచ్ చక్రాల చుట్టూ వస్తే మగతనం. సిట్రోయెన్ వాడు 2014లో సీ4 కాక్టస్ అనే కారుకు తలుపుల మీద ప్లాస్టిక్ మెత్తలే అంటించి, అదే ఫ్యాషన్ అని అమ్ముకున్నాడు.

సరే, ముచ్చట పడ్డారు, వేయించుకోండి. కానీ దేని మీద వేయిస్తున్నారో తెలుసా? ఆ ప్లాస్టిక్ ఎక్కువగా పాలీప్రొపిలీన్. ఇటలీలో 1954లో జూలియో నట్టా దాన్ని తయారుచేశాడు, 1963లో నోబెల్ కూడా పుచ్చుకున్నాడు. దాని స్వభావమే ఏదీ అంటనివ్వకపోవడం. జిగురు అంటదు, రంగు అంటదు. మరి టాప్ మోడల్ బంపర్ కూడా ఆ జాతిదే కదా అంటారు. నిజమే. ఫ్యాక్టరీలో దాని పైపొరకు మంట చూపించో, ప్లాస్టిక్ కోసమే చేసిన ప్రైమర్ పట్టించో, ఆ తర్వాత రంగు వేస్తారు. మన షెడ్డులో ఆ ప్రైమర్ సంగతి అడిగితే, “ఎందుకు సార్, మనది లైఫ్‌టైమ్ గ్యారంటీ” అంటాడు. ఎవరి లైఫో చెప్పడు. నంద్యాల ఎండ 45 డిగ్రీలు దాటిన మొదటి వేసవికే పెచ్చులు లేచాయంటే, ఆ లైఫ్ బండిది కాదు, మనిషిది అసలే కాదు.

ఇక పుట్టీ. దీన్ని తలుచుకుంటేనే నాకు తిక్క రేగుతుంది. రంగు వేసినా గరుకు గరుకుగానే కనబడుతుంది గదా, అప్పుడు మళ్లీ ప్లాస్టిక్ అని తెలిసిపోదూ! అందుకని ముందు ఎమెరీ కాగితంతో రుద్దుతారు. పాలీప్రొపిలీన్ రుద్దితే నునుపు కాదు, పీచు లేస్తుంది. ఇంకా రుద్దుతారు. ఇంకా లేస్తుంది. అప్పుడు పుట్టీ డబ్బా తెరుస్తారు.

ఇనప రేకు సొట్టలు పూడ్చే పుట్టీ అది. ఆరితే రాయి. బంపర్ ఏమో వంగడానికే పుట్టింది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద తగిలి అది వంగుతుంది, ఇది పగులుతుంది. పగుల్లో నీళ్లు దిగుతాయి, నల్లరేగడి బురద దిగుతుంది, తెల్ల రంగు మీద నల్ల గీతలు తేలతాయి. ఏ నలుపును దాచడానికి డబ్బు పోశారో ఆ నలుపే, ఈసారి వంకర టింకరగా!

అసలు ఆ గరుకు పొరపాటున వచ్చిందనుకుంటున్నారా? ఉక్కు అచ్చులో యాసిడ్‌తో తినిపించి మరీ దింపిన నగిషీ అది. చక్రం విసిరే కంకర, కంపచెట్టు ముల్లు, పక్కన నిలబెట్టిన సైకిల్ హ్యాండిల్, ఇవన్నీ గీకినా కనబడకుండా ఉండడానికే దాన్ని అలా పెట్టారు. ఎండకు తట్టుకోవాలని ప్లాస్టిక్‌లో కార్బన్ బ్లాక్ కలిపారు. ఆళ్లగడ్డ శిల్పి విగ్రహంలో ఎక్కడ నునుపు చేయాలో, ఎక్కడ ఉలి గాటు వదిలేయాలో తెలిసి వదిలేస్తాడు. ఆ గాట్లలో సిమెంటు కూరి సాపు చేస్తానని ఎవడైనా వెళితే ఆళ్లగడ్డలో ఏం జరుగుతుందో ఊహించుకోండి.

ఇంతవరకూ నవ్వుకుందాం. ఆ షెడ్డులో స్ప్రే గన్ పట్టుకున్నది ఇంకా మీసాలు రాని పిల్లవాడు. ముక్కుకు చేతిరుమాలు. వాడు కొడుతున్న టూకే (రెండు డబ్బాలు కలిపే) పెయింట్ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి పీల్చినవాళ్లకు ఉబ్బసం రావచ్చు, ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. రుమాలు వాటిని ఆపదు. గాలి బయటినుంచి వచ్చే మాస్కు కావాలి. షెడ్డు యజమాని కొనడు. కారు యజమాని అడగడు. ఆయన బయట కుర్చీలో కూర్చుని “షైనింగ్ బాగా రావాలప్పా” అని కేకేస్తుంటాడు. మీ హ్యాండిల్ తెల్లబడడానికి ఆ పిల్లవాడి ఊపిరితిత్తులు చెల్లించాలా? సిగ్గుండక్కర్లేదా?

తెల్లగా పొడిబారిన నల్ల బంపర్‌కు వేరుశనగ నూనె పూసేవాళ్లు ఈ లెక్కన దేవుళ్లు. మహా అయితే దుమ్ము అంటుకుంటుంది. అయినా చెప్పి ఏం లాభం? అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది, ముందు కట్టే ఇనప గార్డులు తీయమని కేంద్రం 2017లో చెప్పింది. అవే వినలేదు, నా మాట వింటారా?

మొన్న ఒక షెడ్డులో రెండు బండ్లు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి బేస్ మోడల్, నల్ల ప్లాస్టిక్ పోగొట్టి తెల్ల రంగు కొడుతున్నారు. రెండోది టాప్ మోడల్, తెల్లటి తలుపుల మీద బయట కొనుక్కొచ్చిన నల్ల ప్లాస్టిక్ పట్టీలు అంటిస్తున్నారు. ఎందుకప్పా అంటే, “ఎస్‌యూవీ లుక్ కోసం సార్” అన్నాడు ఆ బండాయన. ఇద్దరికీ బిల్లు రాసేది ఒకడే.