రాత్రి బస్సు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: బెర్లిన్‌లో మాస్టర్స్ చదువుతున్న ఒకానొక గుంటూరు కుర్రవాడు జూలైలో సెమిస్టర్ పరీక్షలు ముగియగానే ప్రాగ్ నగరానికి వెళ్లి, ఒక పగలంతా తిరిగి, మళ్లీ రాత్రి బస్సులోనే వెనక్కి వచ్చిన వృత్తాంతం ఇందులోని వస్తువు. కవి ఎవరో తెలియదు. కుర్రవాడి పిన్నే అయి ఉంటుందని కొందరి అనుమానం. పద్యం కుటుంబ వాట్సాప్ గ్రూపులో వెలిసింది. తాళపత్రాలేవీ లేవు.

మూలం:

రాత్రి బస్సు నెక్కి రానుపోను టికెట్టు
చౌక దొరికె ననుచు సంబరపడి
అమ్మ కొక్క మాట యైనఁ జెప్పక పోయి
ఫోటొ పెట్టెఁ గొడుకు, పుట్టె రచ్చ!

ప్రతిపదార్థం: రాత్రి బస్సున్ + ఎక్కి = పడుకోవడానికి వేరే గది అక్కర్లేదన్న ఎత్తుగడతో రాత్రిపూట బస్సెక్కినవాడై; రానుపోను టికెట్టు = పోవడానికీ రావడానికీ కలిపి కొన్న సీటు; చౌక దొరికెన్ + అనుచు = కారుచౌకగా వచ్చిందని తనలో తాను అనుకుంటూ (పైకి అని ఉంటే ఇంట్లో వినపడేది); సంబరపడి = పరీక్షలో గట్టెక్కినంతగా పొంగిపోయి; అమ్మకున్ + ఒక్క మాట + ఐనన్ = కన్నతల్లికి ఒక్క ముక్కైనా; చెప్పక పోయి = చెప్పకుండా వెళ్లి; కొడుకు = సదరు పుత్రరత్నం; ఫోటొ పెట్టెన్ = స్టేటస్‌లో ఫోటో పెట్టాడు; రచ్చ పుట్టెన్ = తరువాతిది పాఠకులు ఊహించుకోగలరు.

టీక: ముందుగా ‘చౌక’. దీన్ని మామూలు విశేషణం అనుకున్నవాళ్లు జర్మనీలో చదివినవాళ్లు కారు. 2024 సెప్టెంబరు నుంచి అక్కడికి చదువుకు వెళ్లేవాడు వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. డబ్బు తనదే, కానీ నెలకి 992 యూరోలకి మించి తీసుకోనివ్వరు. అందులో గది అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్, ఫోను, బియ్యం పోగా మిగిలేదానికి లెక్క రాయాలంటే పెన్ను కూడా దండగ. ఆ డబ్బు వెనక బ్యాంకు లోను, లోను వెనక నాన్న సంతకం ఉన్నాయి. అలాంటి వాడికి చౌక అన్నది ఐదో పురుషార్థం.

ఇక్కడ దూరాన్వయం ఉందని కొందరు ఆక్షేపిస్తారు. టికెట్టు కొన్నాక కదా బస్సెక్కేది, కవి ముందే ఎక్కించాడేమని. ఆక్షేపణ నిలవదు. చౌక టికెట్టు స్క్రీన్ మీద కనపడిన క్షణానే మనవాడు మనసులో బస్సెక్కేశాడు.

అయితే చౌకకి కారణం ఉంటుంది. ఎవరూ దిగడానికి ఇష్టపడని వేళకి దింపే బస్సుకే తక్కువ ధర. తెల్లవారుజామున నాలుగున్నరకి ప్రాగ్‌లోని ఫ్లోరెంత్స్ బస్టాండులో దించారు. మెడ పట్టేసింది. ఫోను మాత్రం నలభై శాతంతో బతికి ఉంది. హోటలు లేదు, కాఫీ దుకాణం తెరవలేదు, నడవడం తప్ప వేరే పని లేదు. నడిచి నడిచి చార్లెస్ వంతెన మీదికి చేరాడు. పగటిపూట ఆ వంతెన మీద భుజాలు రాసుకుంటూ నడవాలి. ఆ వేళకి మాత్రం 516 మీటర్ల పొడవునా ముప్పై విగ్రహాలు, రాళ్లు తుడుస్తున్న ఒక మునిసిపాలిటీ మనిషి, స్టాండు మీద కెమెరా పెట్టుకున్న ఒక ముసలాయన, మనవాడు. అంతే.

ఈ వంతెనకి ముహూర్తం పెట్టి శంకుస్థాపన చేశారని అక్కడ చెప్పుకుంటారు. నాలుగో చార్లెస్ చక్రవర్తికి జ్యోతిషంలో గురి. 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, 5 గంటల 31 నిమిషాలు: అంకెలు వరసగా పేరిస్తే 135797531, ఎటునుంచి చదివినా ఒకటే. మన కథానాయకుడు చూసుకున్న ముహూర్తం టికెట్టు ధర ఒక్కటే. అయినా దాదాపు అదే ఘడియకి అక్కడ నిలబడ్డాడు. పేదరికానికి అప్పుడప్పుడు ఇలాంటి రాజయోగాలు పడతాయి.

‘ఒక్కడే’ అన్న మాట పద్యంలో ఎక్కడా లేదని గమనించాలి. ఉన్న ‘ఒక్క’ మాటకి విశేషణమే తప్ప కొడుక్కి కాదు. అయినా రచ్చంతా దాని గురించే. గుంటూరులో ఉన్నన్నాళ్లూ వాణ్ని కాలేజీకి నాన్న దింపాడు, కోచింగ్‌కి మామయ్య, వీసా ఇంటర్వ్యూకి ఇంటిల్లిపాదీ, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి రెండు కార్ల జనం. ఏ గుడికి వెళ్లినా ఎవరో ఒకరు పదండి పదండి అంటూనే ఉన్నారు. ప్రాగ్‌లో మాత్రం కంపా దీవిలో (పేరుకి బెదరక్కర్లేదు, అంతా పచ్చికే) బెంచీ మీద కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర సగం తిని, మిగతా సగం మధ్యాహ్నానికి దాచుకుని, ఇటు వెళ్లాలా అటు వెళ్లాలా అని పది నిమిషాలు ఆలోచించాడు. ఎవరూ విసుక్కోలేదు. సోలో ట్రిప్‌లో అసలు సరుకు ఈ పది నిమిషాలేనని వ్యాఖ్యాత అభిప్రాయం. కోటలూ చర్చిలూ గుంపుగా వెళ్లినా కనిపిస్తాయి.

ఇక ‘ఫోటొ’. పాత పట్టణం చౌకులో 1410 నాటి ఖగోళ గడియారం ఉంది. కాదాన్ ఊరి మికులాష్ చేసిన పని. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడి కళ ఎంతో అందులో చూసుకోవచ్చు. గోడకి కొట్టిన పంచాంగం అనుకోవచ్చు గానీ, వాళ్లది సాయనం, మనది నిరయనం కనుక రాశులు కలవవు. పొద్దున తొమ్మిది నుంచి గంటగంటకీ పైకిటికీల్లో అపోస్తలులు ఊరేగుతారు. పక్కన అస్థిపంజరం తాడు లాగి గంట కొడుతుంది. మనవాడు సెల్ఫీ తీసుకున్నది సరిగ్గా అప్పుడే. స్టేటస్ చూసేవాళ్లలోంచి అమ్మని తీసేశాడు, నాన్నని తీసేశాడు, పిన్నిని మరిచాడు.

అప్పుడు గుంటూరులో పన్నెండున్నర. అమ్మ అన్నం వార్చి ఫోను అందుకుంది.

“ఏరా, నీ పక్కన ఆ ఎముకలేంటి?”

“గడియారం బొమ్మ అమ్మా. ప్రాగ్‌లో ఉన్నా.”

“అదెక్కడ?”

“పక్క దేశం.”

“తెనాలి వెళ్తేనే చెప్పి వెళ్లేవాడివి. దేశం దాటి ఒక్కడివే వెళ్లావా? అదీ అమావాస్య నాడు!”

తల పైకెత్తి చూస్తే గడియారంలో చంద్రుడి గుండు కూడా నల్లటి వైపే తిరిగి ఉంది. సాక్ష్యం ఎదురుగా ఉన్నాక వాదించడమెలా? కాస్త చల్లబరుద్దామని వంతెన ముహూర్తం సంగతి చెప్పాడు. “చూడు, వాళ్లకున్న బుద్ధి నీకు లేదు” అంది. తర్వాత తిన్నావా అని అడిగింది.

వ్యాకరణ విశేషాలు: ఎక్కి, సంబరపడి, పోయి అనే క్త్వార్థకాలన్నీ అసమాపకాలు. కొడుకు చేసిన పనుల్లో ‘పెట్టె’ ఒక్కటే సమాపక క్రియ. ఎంత తిరిగినా ఫోటో పెట్టేదాకా ప్రయాణం పూర్తి కాదని ఈ కాలపు సూత్రం. ‘ఫోటొ’లో దీర్ఘం పోవడం గణం కోసం. ‘కొడుకు’ బదులు ‘కూతురు’ అని పాఠం మార్చాలని ఒకరు సూచించారు. కుదరదు. కొడుకు నగణం, కూతురు భగణం. సూర్యగణం రావలసిన చోట ఇంద్రగణం ఇమడదు. కూతురు చెప్పకుండా ఒంటరిగా వెళ్తే లేచే రచ్చ నాలుగు పాదాల్లో పట్టదని ఛందస్సుకి ముందే తెలుసు కాబోలు.

తాత్పర్యం: టికెట్టు చౌకగా వచ్చిందని కొడుకు ఊరు చూసొచ్చాడు, అమ్మకి చెప్పలేదు, తిట్లు తిన్నాడు. వెళ్లడంలో వాడిది ఒప్పు, చెప్పనందుకు తిట్టడంలో అమ్మది ఒప్పు.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివి బస్సెక్కబోయే విద్యార్థులకు మనవి. జర్మనీ రెసిడెన్స్ కార్డుతో మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా వేరే వీసా లేకుండా తిరగొచ్చు. కానీ 2023 అక్టోబరు నుంచి చెక్ సరిహద్దులో జర్మనీ పోలీసులు తనిఖీలు పెట్టారు. అర్ధరాత్రి బస్సు ఆపి లైట్లు వేసి అడుగుతారు. కార్డూ పాస్‌పోర్టూ రెండూ జేబులోనే పెట్టుకోండి, ఫోన్లో ఫోటో సరిపోదు.