మిన్ 2 ఎందుకు పెట్టావు బాబూ?

మా రోజుల్లో ఫారమ్‌లో ఒక్కో గడికి ఒక్కో ఇఫ్ చేత్తో రాసేవాళ్లం. 1999లో అమీర్‌పేటలో నేను జావాస్క్రిప్ట్ నేర్చుకునే నాటికి ఆ భాష పుట్టి నాలుగేళ్లు. డయలప్ మోడెమ్ మీద సర్వరు దాకా వెళ్లి ‘పేరు రాయలేదు’ అన్న కబురు తిరిగొచ్చేసరికి ప్రాణం విసిగిపోయేది. అందుకే బ్రౌజర్‌లోనే తనిఖీ. బ్రౌజర్‌ని నమ్మకూడదు కనుక సర్వరులో అదే తనిఖీ పెర్ల్‌లో మళ్లీ.

హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040ని జావాస్క్రిప్ట్‌లో అంకెగా మార్చే పార్స్‌ఇంట్‌కి ఇస్తే 32 అనేది! ముందు సున్నా కనబడగానే ఎనిమిదుల లెక్కలో చదివేది. పక్కన 10 అని రాస్తేనే పదుల లెక్కలోకి వచ్చేది. 2009 ప్రమాణం వచ్చాకగానీ ఆ పీడ వదల్లేదు. అలాంటి దెబ్బలు తిన్నాం కాబట్టి ఏ గడిలో ఎవరేం రాస్తారో ముందే ఊహించేవాళ్లం.

ఇప్పుడు ఆ తనిఖీలకి జాయ్, యప్, జాడ్ అనే లైబ్రరీలు ఉన్నాయి. స్ట్రింగ్, ట్రిమ్, మిన్, మ్యాక్స్ అంటూ మధ్య చుక్కలు పెట్టి మాల గుచ్చినట్టు ఒక్క వరసలో రాసేస్తారు. ఆ పనితనం నాకు నచ్చింది. అలా రాసిన ఒకే స్కీమా బ్రౌజర్‌లో, సర్వరులో రెండుచోట్లా పనికొస్తుంది. మేమైతే ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోయేవాళ్లం. నా కోపమల్లా చూడకుండా గుచ్చేవాళ్ల మీద.

మొన్న మా అక్కయ్య ఒక ఆన్‌లైన్ దరఖాస్తు నింపింది. లాస్ట్ నేమ్ దగ్గర, సర్టిఫికెట్లలో ఉన్నట్టే, ఇంటిపేరు పొడి అక్షరం ఇంగ్లీషులో ‘కె’ కొట్టింది. కనీసం 2 అక్షరాలు ఉండాలని ఎర్రగా వచ్చింది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. చివరికి ‘కెకె’ అని పంపింది. పేరు కలవడంలేదని వెనక్కి కొట్టారు. అరవై ఏళ్లుగా రాసుకుంటున్న పేరు ఆవిడది!

మా ఆఫీసు కుర్రాడి కోడ్‌లోనూ పేరుకి అదే షరతు, మిన్ 2.

“ఎందుకు పెట్టావు బాబూ?”

“అందరూ అదే పెడతారు సార్.”

కాగితం మీద నాలుగు రాసిచ్చాను: ఇంగ్లీషులో ఒంటరి ‘కె’, తెలుగులో ‘లక్ష్మి’, 040తో మొదలయ్యే ఫోన్ నంబరు, ఖాళీగా వదిలిన వయసు గడి. నీ మాలలోంచి ఇవి పంపి చూడమన్నాను. ‘కె’ని తిప్పికొట్టింది. ఇంగ్లీషు అక్షరాలే ఉండాలన్న షరతు లక్ష్మిని ఆపేసింది. ఫోన్‌ని కోయెర్స్‌తో నంబరుగా మార్చడంతో మొదటి సున్నా ఎగిరిపోయింది. ఖాళీ వయసు సున్నా ఏళ్లయి కూర్చుంది.

సాయంత్రానికల్లా మిన్ 1 చేశాడు, ఫోన్‌ని స్ట్రింగ్‌గానే ఉంచాడు, తెలుగు లిపికి దారి ఇచ్చాడు. లక్ష్మి పొడవు తెర మీద 7 అని కనబడితే ఆగిపోయాడు. “రెండక్షరాలేగా సార్, ఏడెలా వచ్చింది?”

కుర్చీ దగ్గరికి లాక్కుని ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను.