ముస్తఫా కోసం పెట్టెలోకి

నా బరువంతా మొహంలోనే ఉంది. 21 అంగుళాల పిక్చర్ ట్యూబుని నేను. లోపల గాలి లేదు, బయటి గాలి నాలుగువైపులా నొక్కుతూ ఉంటుంది. దాన్ని ఆపడానికే ముందు గాజు అంత మందం. వెనక మెడ మాత్రం బొటనవేలంత. నన్నెత్తే మనిషి తెరని పొట్టకి ఆనించుకోవాలి. స్టీల్‌ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరైన మావయ్యకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

మధురవాడ దగ్గర పీఎం పాలెంలో ఓ ఇంటి ముందుగది నాది. 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 కొట్టింది ఆ పక్క స్టేడియంలోనే. ఆరోజు నా స్పీకర్లో కేకలేవో, కిటికీలోంచి వచ్చే కేకలేవో ఎవరికీ తెలియలేదు. తర్వాత గోడకి పల్చటి టీవీ వచ్చింది, నన్ను మేడమీద గదికెక్కించారు.

మళ్లీ కిందికి దించింది మేనల్లుడు. ప్లైవుడ్‌తో గేమ్ పార్లర్ పెట్టె చేయాలని పట్టుబట్టాడు.

"ఎల్ఈడీ ఎట్టీరా బాబూ, ఇంత బరువెందుకు?" అన్నాడు మావయ్య.

"కాదు మావయ్యా, ముస్తఫా ఆట దీనిమీదే ఆడాల."

ఆ మాటకి నేనిప్పటికీ రుణపడి ఉన్నాను. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'ని మన కుర్రాళ్లు అందులోని ముస్తఫా పేరుతోనే పిలిచారు. దాని బొమ్మ నిలువున 224 గీతలే. టీవీ కార్యక్రమమైతే ఓసారి బేసి గీతలు, ఓసారి సరి గీతలు గీస్తాను. ఆట మాత్రం ప్రతిసారీ అవే గీతల మీద పడుతుంది, మధ్యలో సన్నటి నలుపు మిగులుతుంది. ఆ నలుపూ, నా చుక్కల అంచుల మెత్తదనమూ కలిస్తేనే ముస్తఫా మొహం మొహంలా ఉంటుంది. పల్చటి తెరమీద అదే బొమ్మ గచ్చు పలకలు పేర్చినట్టుంటుంది. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

బిగింపు మొదలైంది. కరెంటు తీసేసినా నాలో వేల వోల్టులు నిలిచి ఉంటాయి; నడుస్తున్నప్పుడైతే 25,000 దాకా. మావయ్య ఓ చెయ్యి వెనక్కి పెట్టుకుని, స్క్రూడ్రైవరుకి వైరు చుట్టి, ఆ వైరు రెండో కొసని నా వీపు మీది ఎర్తు జాలీకి తగిలించి, మొనని మెల్లగా, ఆ వోల్టులు నాలోకి దిగేచోట ఉన్న రబ్బరు టోపీ కిందికి జరిపాడు. టప్పుమంది. అప్పుడుగానీ మేనల్లుణ్ణి దగ్గరికి రానివ్వలేదు.

నా నాలుగు మూలలా ఇనుప చెవులున్నాయి. వాటిని ప్లైవుడ్‌కి బిగిస్తే నా బరువుకి ఊడొస్తుందని యాంగిల్ ఫ్రేము వెల్డింగ్ చేసి, రబ్బరు వాషర్లు వేసి బిగించాడు. నిలబడి ఆడేవాళ్లకి తెర ఎదురుగా ఉండేలా కాస్త వెనక్కి వాల్చాడు. దాంతో పెట్టె ముందుకి తూలడమూ ఆగింది.

మొదటిసారి వేస్తే బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది. ఆట నడిపే చిన్న కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పై నుంచి వచ్చే రంగుల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, నా మెనూలో ఉన్నది పాల్. అది మార్చగానే రంగులొచ్చాయి. కుడి మూల మాత్రం ఊదా మరక. పక్కనే బిగించిన స్పీకరు అయస్కాంతం నా కిరణాలని లాగి, పడాల్సిన రంగు మీద పడనివ్వడం లేదు. స్పీకర్ని అడుగుకి దించి, నన్ను చల్లారనిచ్చి మళ్లీ వేశారు. లోపలి కాయిల్ గుమ్మని ఒక్క క్షణం మోగింది, మరక పోయింది.

ఇక మిగిలింది తేమ. సముద్రం దగ్గర కదా, వానాకాలం రబ్బరు టోపీ చుట్టూ సుయ్యిమంటుంది. మావయ్య మళ్లీ ముందులాగే టప్పుమనిపించి, టోపీ తీసి తుడిచి, సిలికాన్ గ్రీజు రాశాడు. వెనక తలుపుకి గాలి కన్నాలు తొలిచాడు, పిల్లలు తెరవకుండా తాళం వేశాడు. నాలాంటి ట్యూబులు మన దేశంలో ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. అందుకే, కొమ్మాదిలో ఎవరో పాత టీవీ పారేస్తున్నారని తెలిసి మామా అల్లుళ్లు బండేసుకుని వెళ్లారు. దాని ఎల్ఓటీ, అంటే ఆ వేల వోల్టులు పుట్టించే ట్రాన్స్‌ఫార్మరు, రేపు నాది పోతే సరిపోతుందట.